వెల్టెన్ మీసం

వెల్టెన్‌కి తన మీసమంటే ప్రాణం. జర్మనీలోని హెస్సే ప్రభువు తన జనాన్ని తలకింతని ఇంగ్లండు రాజుకి యుద్ధానికి అద్దెకిచ్చినప్పుడు, సారా కొట్టులో పడి నిద్రపోతున్న వెల్టెన్‌ని లేపి మరీ ఓడెక్కించారు. అమెరికాలో దిగి నాలుగు తూటాలు పేల్చాడో లేదో, అక్కడి సైన్యానికి పట్టుబడ్డాడు. ఖైదీలను ఊరికే కూర్చోబెట్టి మేపడం దేనికని పెన్సిల్వేనియా రైతుల దగ్గర పనికి పెట్టారు. ఇన్ని అవస్థల్లోనూ ఆ మీసానికి మాత్రం బూట్ల నలుపు రాసి నిగనిగలాడించుకున్నాడు మహానుభావుడు!

అతన్ని పనికి తెచ్చుకున్న యోస్ట్ ముసలాయన మెనొనైట్ అనే క్రైస్తవ శాఖవాడు. వాళ్ళు కత్తి పట్టరు, అబద్ధమాడరు, గడ్డం పెంచుతారు గాని మీసం ఉంచరు. మీసం సిపాయి గుర్తట. ఇద్దరిదీ జర్మన్ భాషే కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఆయన కూతురు ఫ్రోనికతో మాటలు కాస్త ఎక్కువే కలిశాయి. పిల్లనడిగితే మాత్రం ముసలాయన కుండబద్దలు కొట్టాడు.

"నువ్వు పనిమంతుడివే, కాదనను. కానీ నీ చెయ్యి ఊరుకోదు. మొన్న సంతలో ఆ కమ్మరిని కొట్టావా లేదా? కొట్టే చేతికి నా పిల్లనివ్వను."

ఇంతలో యుద్ధం ముగిసింది. ఖైదీలందరినీ ఓడెక్కించి ఇళ్ళకు పంపుతారని కబురొచ్చింది. దాక్కున్నవాళ్ళను ఈడ్చుకుపోవడానికి ఓర్టెల్ అనే హెస్సే సార్జెంటు ఊరూరా తిరుగుతున్నాడు. వెల్టెన్‌కి వెళ్ళాలని లేదు. వెళ్తే ఆ ప్రభువు మళ్ళీ ఎవరికి అద్దెకిస్తాడో! ఫ్రోనిక మళ్ళీ కంటపడుతుందా?

"మీసం తీసెయ్," అంది ఫ్రోనిక, తన అన్న కోటు చేతికిస్తూ.

"అమ్మో! ప్రాణం అడుగు, ఇస్తా."

"నీ ప్రాణం నేనేం చేసుకోను? కూర్చో ముందు!"

ముసలాయన గుమ్మంలోంచి చూశాడు. "వాడొచ్చి అడిగితే నేను అబద్ధం చెప్పను. ముందే చెబుతున్నా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు సార్జెంటు రానే వచ్చాడు. పెరట్లో గడ్డి ఎత్తుతున్న వెల్టెన్ మొహంలో మొహం పెట్టి చూశాడు. ఎండకు కమిలిన ఆ మొహంలో పై పెదవి మీద మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"ఏరా, నిన్నటిదాకా ఇక్కడ మీసముండేదే?"

వెల్టెన్ మరో మోపు గడ్డి ఎత్తాడు.

"నేను వెతికేవాడికి మహా పొగరట. ఒకటిస్తే రెండిస్తాడట. చూద్దాం," అంటూ సార్జెంటు అతని చెంప ఛెళ్ళుమనిపించాడు.

వెల్టెన్‌కి ఒళ్ళు భగ్గుమంది. పిడికిలి బిగిసింది. వాడి పళ్ళు రాలగొట్టాలని చెయ్యి ఉరకలేసింది. పశువుల కొట్టం దగ్గర తండ్రి పక్కన ఫ్రోనిక నిలబడి ఉంది. వెల్టెన్ ఆమె వంక చూశాడు. పిడికిలి విప్పి, రెండో చెంప తిప్పాడు. సార్జెంటు దానికీ ఒకటిచ్చాడు. వెల్టెన్ కదల్లేదు.

అయినా సార్జెంటుకి అనుమానం తీరలేదు. "పెద్దాయనా, మీవాళ్ళు అబద్ధమాడరుగా! చెప్పు, వీడెవడు?"

యోస్ట్ ఆ ఎర్రబడ్డ చెంపల్ని చూశాడు. విప్పిన చేతిని చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"మా అల్లుడు," అన్నాడు.

సార్జెంటు గొణుక్కుంటూ గుర్రమెక్కి పోయాడు. వెల్టెన్ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ముసలాయన మండిపడ్డాడు.

"ఏంట్రా అలా చూస్తావు? జుట్టు నెరిసింది గాని ఇంతవరకు నా నోట అబద్ధం రాలేదు. సాయంత్రంలోగా పెళ్ళి అయిపోవాలి. పో, బోధకుణ్ణి పిలుచుకురా, పరిగెత్తు!"