ఈ చాప కింద ఎవరు కూర్చోవాలి

హలో, అందరికీ వినపడుతోందా? షిఫ్టు దిగి బస్సులో ఉన్నవాళ్లూ, హాస్టల్ గదిలో పుస్తకం పక్కన పెట్టినవాళ్లూ, కాసేపు ఇటు చెవి పెట్టండి. లాక్‌డౌన్ రోజుల్లో సిడ్నీ పడమటి శివారులోని ఒక వీధిని టీవీ ఎలా దోషిని చేసిందో, ఆ వీధి ఏం జవాబు చెప్పిందో చెబుతాను.

ఆ ఆదివారం పెలె అత్త పెందలాడే లేచి పెరట్లో రాళ్లు కాల్చింది. వాటి మీద చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి మడిచిన చేమాకు పొట్లాలు, కోడి ముక్కలు పేర్చి అరిటాకులు కప్పింది. వీధిలో సగం ఇళ్లు జబ్బుతో తలుపులు బిగించుకున్నాయి. ఆ గుమ్మాల ముందు కంచం పెట్టి, తలుపు కొట్టి, వెనక్కి జరిగి నిలబడడం ఆమె మేనల్లుడు నికో పని.

అత్త వాళ్లది పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవి. సమోవా వాళ్ల ఇంట్లో తినే వేళ దారిన పోయేవాడు కనబడితే "రా, తిని పో" అని పిలవాల్సిందే. పిలవకపోతే ఇంటి పరువు పోయినట్టే. ఆ రోజు దారిలో కనబడింది టీవీ వ్యాను.

"పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డారు పాపం. నికో, వాళ్లకు చెరో కంచం ఇచ్చి రారా."

"అత్తా, వాళ్లు టీవీ వాళ్లు. మనల్ని చూపించడానికి వచ్చారు."

"అయితే? టీవీ వాళ్లకు కడుపుండదా?"

కంచం అందుకున్న విలేకరి అమ్మాయి చాలా మర్యాదగా, "మీ వంటను కెమెరాలో కొంచెం తీసుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. అత్త జుట్టు సవరించుకుంది. గేట్ల దగ్గర నిలబడ్డవాళ్లను చేతులు ఊపమంది. సాయంత్రం కాగానే అందరికీ ఫోన్లు చేసింది. "టీవీ పెట్టండి, మన వీధి వస్తుంది."

వచ్చింది. పెరట్లో పొగ, కంచాలు మోస్తున్న నికో, నవ్వుతూ చేతులూపుతున్న జనం. కింద పెద్ద అక్షరాలు: 'ఆంక్షలకు నీళ్లొదిలి విందు. రోగం ఇక్కడి నుంచేనా?' ఆ వెంటనే సముద్రపు ఒడ్డున ఖరీదైన పేట. ఇసుక మీద కిక్కిరిసిన జనం. దాని కింద రాసింది: 'ఎండకు మురిసిన నగరం.'

అత్త రిమోట్ అందుకుని టీవీ ఆపేసింది.

సోమవారం పోలీసులు వచ్చారు, వెనకే సైనికులు. ఇంటి నుంచి ఇంటికి ఒక్క కంచం కదిలినా కేసు పెడతామన్నారు. మధ్యాహ్నం నికో గోడౌనుకు డ్యూటీకి వెళ్లాడు. నగరం తినే బియ్యం, పాలు అన్నీ ఆ గోడౌను నుంచే కదలాలి. అందుకే వీధికి తాళం వేసినా ఆ వీధి కూలీలకు మాత్రం సెలవు లేదు. పగలు అత్యవసర కార్మికులు, రాత్రి వార్తల్లో రోగం మోసేవాళ్లు.

కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు క్రెయిగ్ గేటు దగ్గరే ఆపాడు. "ఏం హీరో, టీవీలో బాగా కనబడ్డావ్. రేపు పొద్దున ఆ చానల్ వాళ్లు ఇక్కడికే వస్తారు. నువ్వూ మీ అత్తా తప్పయిందని చెప్పండి, ఇక వండి పంచబోమని చెప్పండి. అప్పుడు మీ వీధి వాళ్లకు పని ఉంటుంది. లేదంటే ఒక్కడూ రానక్కర్లేదు."

నికో ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పగానే అత్త పెట్టె తెరిచింది. తల్లి అల్లిన చాప తీసింది. పట్టులా మెత్తటి చాప, పెళ్లికీ చావుకీ తప్ప బయటికి రానిది. సమోవాలో తప్పు చేసినవాళ్లు బాధపడ్డవాళ్ల వాకిట్లో తల మీదుగా చాప కప్పుకుని కూర్చుంటారు. దాన్ని ఇఫోగా అంటారు. ఆ ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు.

"నా వల్ల వీధికి మచ్చ వచ్చింది. కూర్చుంటాను," అంది అత్త.

"ఎవరికి ఏం చేశావని?"

"రోగం నా కంచాల వల్లే వచ్చిందట కదరా. అంత పెద్ద టీవీ అబద్ధం చెబుతుందా?"

నికో బయటికి వెళ్లి తోటి కూలీలకు ఫోన్లు చేశాడు.

ఆ రాత్రి షిఫ్టు మారే వేళ గోడౌను పార్కింగులో మీటింగు పెట్టారు. ఎవరి కారులో వాళ్లు, అద్దాలు దించుకుని. సరుకు ఎత్తే లిఫ్టు బండి నడిపే ఇరాకీ హైథం ముందే తేల్చేశాడు. "ముసలావిడ ఒక మాట అనేస్తే పోయేదేముంది? నాకు ముగ్గురు పిల్లలు. మీ పౌరుషం వండి పెట్టలేను."

"హైథం భాయ్, ఈరోజు ఆవిడ చెబితే రేపు నీతో చెప్పిస్తాడు," అన్నాడు పెంబా. నేపాల్ నుంచి చదువుకోవడానికి వచ్చి రాత్రులు పెట్టెలు మోస్తున్నాడు. "అసలు జబ్బు ఎక్కడ మొదలైంది? ఆ సంగతి ఎవరూ అనరేం?"

అప్పుడు నికో నోరు విప్పాడు. "మా వీధి తావిలి ఇక్కడే గోడౌను లోపల దగ్గుతుంటే ఇంటికి పంపమని అడిగాం. లారీ నిండేదాకా క్రెయిగ్ కదలనివ్వలేదు. మాస్కులు అడిగితే మెడ చుట్టూ గుడ్డ చుట్టుకోమన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు హైథం. ఆ తర్వాతే కదా తావిలి గుమ్మం ముందు మా అత్త మొదటి కంచం పెట్టింది."

హైథం అవునన్నట్టు తలూపాడు. "కానీ ఆ మాట కెమెరా ముందు అంటే కోసేస్తారు," అన్నాడు.

"మాటనైతే కోస్తారు. ఆగిన లారీలను ఎలా కోస్తారు?" అన్నాడు పెంబా.

తెల్లవారింది. గోడౌను గేటు ముందు కెమెరా సిద్ధంగా ఉంది, దాని పక్కనే క్రెయిగ్. అత్త తెల్లబట్టలు కట్టుకుని, చాప భుజాన వేసుకుని వచ్చింది. కూర్చోబోతుంటే నికో చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగత్తా. ముందు రాత్రి నేను చెప్పిన తావిలి సంగతి ఆయన్ని అడుగు."

ఆమె అడిగింది. "నాయనా, మా తావిలి దగ్గుతున్నా ఇంటికి పంపలేదట. నిజమేనా?"

"అది కంపెనీ లోపలి విషయం. కెమెరా నడుస్తోంది, కానివ్వండి," అన్నాడు క్రెయిగ్.

 అత్త చాపను గేటుకు అడ్డంగా నేల మీద పరిచి, ఒక అంచు పైకెత్తి పట్టుకుంది. "రా, కూర్చో. భయపడకు. మేమే వచ్చి ఎత్తుతాం. పగ పట్టే జాతి కాదు మాది."

లోపల లిఫ్టు బండి శబ్దం ఆగింది. హైథం తాళం జేబులో వేసుకుని బయటికి వచ్చాడు. అతని వెనక పెంబా, వాళ్ల వెనక ఇంకా జనం. మనిషికీ మనిషికీ ఎడంగా, సొంత మాస్కులతో, చాప చుట్టూ నిలబడ్డారు. దారి పొడవునా లారీలు నిలిచిపోయాయి. హారన్లు కొట్టీ కొట్టీ విసిగిన డ్రైవర్లు కిందికి దిగి, సంగతి విని, వాళ్లూ ఆ వలయంలో చేరారు.

"తీసెయ్యండి దాన్ని," అని అరిచాడు క్రెయిగ్. ఒక్కరూ వంగలేదు. కెమెరావాడు కెమెరా దించేశాడు.

చట్టవిరుద్ధంగా గుమిగూడారని పోలీసులు నికోను వ్యానెక్కించారు. అత్త ఏడవలేదు. చాప అంచు సరిచేసి పక్కనే నిలబడింది.

ఆ రాత్రి టీవీలో ఇదేదీ రాలేదు. కానీ అంతకుముందే, మధ్యాహ్నమే, నది అవతలి మాంసం ఫ్యాక్టరీ నుంచి ఒకామె, లారీ డ్రైవర్ల నోట సంగతి విని, అత్తకు ఫోన్ చేసింది.

"అత్తా, మా మేనేజరు కూడా కూర్చోవాలి. ఆ చాప మాకెప్పుడు ఇస్తారు?"

"ఇది కదలదమ్మా, ఈ క్రెయిగ్ ఇంకా కూర్చోలేదు," అంది అత్త. "మా ఇంట్లో ఇంకో రెండున్నాయి. మనిషిని పంపు."

ఇదీ కథ. చానళ్లు చూపలేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి. మీ షిఫ్టులో, మీ హాస్టల్లో, మీ గ్రూపుల్లో ఇంకొకరికి వినిపించండి.