వెలగని బ్యాటరీ దీపం

వదిన కాలు ఒకచోట నిలవడం లేదు. ఎక్సలేటర్ మీద వేస్తుంది, తీస్తుంది, మళ్ళీ వేస్తుంది. ముందు లారీల వరస, పైన వాన. బండ్ల తనిఖీ ఆఫీసు గేటు కళ్ళెదుటే ఉంది గానీ ఎంతకీ దగ్గరికి రాదు. బ్రేకులో, ఇంజన్లో, హెచ్చరిక దీపాల్లో ఏ ఒక్కటి తప్పినా ఈ పాత కారు ఇక ట్యాక్సీగా రోడ్డెక్కదు. నేరుగా తుక్కు కొట్టుకే.

"కాస్త కుదురుగా కూర్చోరాదా వదినా? నీ గాభరా చూస్తుంటే నాకు ఆకలేస్తోంది," అన్నాడు పక్క సీట్లోని మరిది. గడియారాలు బాగుచేస్తాడు. పనున్నా లేకపోయినా ప్రతిదాంట్లో వేలు పెడతాడు.

"నీకెప్పుడు వేయలేదులే! ఆ వైపర్ చూడు."

వైపర్ అద్దం మీద సగందాకా వచ్చి, ఆలోచించుకుని, మిగతా సగం ఈడ్చుకుంటూ పోతోంది. హెడ్‌లైట్లు గుడ్డిగా ఉన్నాయి. హారన్ కొడితే జలుబు చేసిన గొంతులా పలికింది.

"బ్యాటరీ దిగిపోతోంది," అంది వదిన.

"ఎర్ర దీపం వెలగలేదుగా. అంతా బాగున్నట్టేగా?"

ఆ మాటకి ఆమె మీటరు పక్కనున్న దీపాల వైపు చూసింది. ఇంజను నడిచేటప్పుడు దీపం ఆరి ఉండాలి, నిజమే. కానీ అంతకుముందు తాళం తిప్పగానే వెలగాలి. పొద్దున వెలిగిందా? ఆయిల్ దీపం వెలిగింది. మరి రెండోది?

"మరిదిగారూ," అంది మెల్లగా. గారు తగిలించిందంటే మూడినట్టేనని అతనికి తెలుసు.

"అంటే... ఆయిల్ దీపం బల్బు మాడిపోయింది వదినా. కొట్లు తెరవలేదు. ఆయిల్‌దైతే తప్పకుండా చూస్తారు, బ్యాటరీది ఎవడు చూడొచ్చాడని అక్కడిది తీసి ఇక్కడ..."

"ముంచావు కదయ్యా! ఈ బండిలో ఆ దీపం కబురు చెప్పి ఊరుకునేది కాదు. దాని గుండా పోయే ఆ కాస్త కరెంటే ఆల్టర్నేటర్‌ని నిద్ర లేపేది. బల్బు పీకేస్తే అది ఊరికే తిరుగుతుంది, బ్యాటరీకి చుక్క కరెంటు పోయదు."

"అయితే ఇంజను ఆపి..."

"ఆపితే మళ్ళీ లేస్తుందా? నీ తల దానికి కడతావా?"

అంటూనే ఆమె వంగి, డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చింది. స్పీడు మీటరుకి వెలుగిచ్చే బల్బు కూడా అదే సైజు. తడిమి, లాగి, వేలు కాలితే మరిదిని తిట్టుకుని, బ్యాటరీ దీపం గూట్లో గుచ్చింది. ఎర్రగా వెలిగింది. ఎక్సలేటర్ తొక్కింది. ఆరింది. హెడ్‌లైట్లు కళ్ళు తెరిచాయి.

"అమ్మయ్య," అన్నాడు మరిది.

"ఏం అమ్మయ్య? తనిఖీ ఆయన ఇంజను ఆపించి మళ్ళీ స్టార్ట్ చేయమంటాడు. అప్పటికి బ్యాటరీ కాస్త బలం కూడదీసుకోవాలి."

వైపర్ ఆపింది, హెడ్‌లైట్లు ఆపింది. కాలు మాత్రం తియ్యలేదు. ఇందాకటిదాకా కదలరేం అని తిట్టిన లారీలు ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి చకచకా సాగుతున్నాయి. "కాస్త ఆగండర్రా, కొంపలేం మునిగిపోలేదు," అని ఆమె వాటిని బతిమాలుకుంటోంది. వాన తెరలోంచి గేటు మీదికొచ్చేసింది.

గొడుగు కింద తనిఖీ అధికారి. "ఇంజను ఆపమ్మా."

ఆపింది. చెవుల్లో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"తాళం తిప్పు."

రెండు ఎర్ర దీపాలూ వెలిగాయి. ఇంకాస్త తిప్పింది. ఇంజను మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగి అందుకుంది. దీపాలు రెండూ ఆరాయి.

అధికారి హెడ్‌లైట్లు వేయించి చూసి, తల లోపలికి పెట్టాడు. "మీటరు చీకటిగా ఉందేం?"

మరిది నోరు తెరవబోయాడు. వదిన మోచేత్తో పొడిచింది.

"బల్బు కొనాలండీ. ఇప్పుడే వెళ్తున్నాం."

"పొద్దుగూకేలోపు వేయించు," అని ముద్ర కొట్టాడు.

గేటు దాటగానే మరిది, "టీ తాగుదామా వదినా?" అన్నాడు.

"ఇంజను ఆపితే తోసేది నువ్వే," అంది ఆమె, కాలు ఎక్సలేటర్ మీదే ఉంచి. "బల్బుల కొట్టు ఎటో చెప్పు."