గుడిసె కూర్చున్న మోటారు బాట

నేను తాగే అంబలి మీద ఒట్టు పద్మమ్మా, ఇందులో ఆవగింజంత అబద్ధం లేదు. ఉంటే నా నోట్లో మిగిలిన రెండు పండ్లు ఊడి నీ ఒళ్ళో పడనీ.

జమ్ములమ్మ కోడి కుయ్యకముందే లేచి, తట్ట నెత్తిన పెట్టుకొని, పని ఎక్కడుంటే అక్కడికి పోయేది. పొద్దుగూకేసరికి ఆమె గుడిసె కూడా అక్కడికే పోయేది. మన పాలమూరోళ్ళు ఎత్తని కట్ట, తవ్వని కాలువ ఈ భూమ్మీద లేవు గదా. తాతల నాటి నుంచి మనుషుల వెనక తిరిగి తిరిగి ఆ గుడిసెకు అదే అలవాటైంది. శ్రీరంగాపూర్ చెరువు పనికి పోతే అక్కడికీ పోయింది. వాగు అడ్డమొస్తే, ఆడమనిషి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్నట్టు, కప్పు జర పైకి లేపి నాలుగు గుంజల మీద మెల్లగ దాటేది. బాట మీద ఎదురైతే బండ్లోళ్ళు ఎడ్లను పక్కకు తోలి దారి ఇచ్చేటోళ్ళు.

మొగడు మాసయ్య పోయినంక జమ్ములమ్మ దూరం పోవుడు మానుకుంది. బిడ్డ రాములమ్మ నిండు నెలలతోటి పురిటికి వచ్చింది. దొర ఉండే గడికి, పెద్దబాటకు నడిమిట్ల గట్టి మొరం నేల చూసుకొని గుడిసె కూర్చుంది. "ఈ ఒక్క కాన్పు అయ్యేదాక కదలకు తల్లీ" అని జమ్ములమ్మ పొద్దున ఆ పక్కనే పనికి పోతూ గుంజకు దండం పెట్టేది. ఆమెకు కావాల్సింది అంతే. మేడ అడిగిందా, మాన్యం అడిగిందా?

అప్పుడే మన దొర హైదరాబాదు పోయి మోటారు కొనుక్కొచ్చిండు. అదెంత పెద్దదంటే, ముందు చక్రాలు ఊర్లకు వచ్చినంక కూడా వెనక చక్రాలు పెద్దమందడి దాటలేదు. పెద్దబాట నుంచి గడి దాక దుమ్ము లేవకుండ సిమెంటు బాట పోయించాలె అన్నడు. ఎంత దూరమమ్మా అది? నోట్లో వక్క వేసుకుంటే నమిలేలోపల నడిచిపోవచ్చు. దొరగారి పాదాలకు మాత్రం ఆ దూరం నడిస్తే అరిగిపోయే జబ్బు!

గుత్తేదారు దశరథం వచ్చి నేల కొలిచి ఖర్చు చెప్పిండు.

"బాట ఎంత పొడుగైతే అంత సిమెంటు దొరా. వంపు తిరిగితే చక్రాలు మళ్ళాలె, ఆడ వెడల్పు పొయ్యాలె. వంపు దిక్కంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. దాన్ని నడుం లోతు తవ్వి పారేసి, మొరం నింపి దిమ్మిస కొట్టాలె. తిన్నగ పోతే కింద గట్టి నేల, సగం ఖర్చుతోటి అయిపోతది."

"తిన్నగనే పొయ్యి. అడ్డమేముంది?"

"జమ్ములమ్మ గుడిసె ఉన్నది."

"గుడిసె కూడ ఒక అడ్డమేనా? తీసెయ్యమను."

జమ్ములమ్మను పిలిపించిండ్రు. "బాంచెన్ దొరా, అది తోలితే పోదు. నా పని ఎక్కడుంటే అక్కడికి వస్తది" అని ఉన్నమాట చెప్పింది పిచ్చిది.

దశరథం నవ్విండు. "ఇంకేం మరి! దీన్ని గుట్ట మీద కంకర కొట్టుడుకు పెడితే సరి. గుడిసె దానంతటదే ఖాళీ చేస్తది. కంకరకు కూలి కూడా తప్పుతది."

"నా బిడ్డ నిండు చూలాలు, గుట్ట మీద నీళ్ళు లేవు, నీడ లేదు" అని జమ్ములమ్మ కాళ్ళ మీద పడ్డది.

"నీ బిడ్డ కోసం నా మోటారు వంకర తిరగాల్నా?" అన్నడు దొర.

ఆ మాట ఇంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు సెగలు కక్కుతది. ఎవడి బాటకు ఎవరి కడుపు కదలాలె? నేలను లెక్క చూసిండ్రు, కంకరను లెక్క చూసిండ్రు, ఆ పిల్లను ఏ లెక్కల రాసిండ్రు? పొద్దంతా జమ్ములమ్మ గుట్ట మీద రాళ్ళు కొట్టింది. సాయంత్రం గుడిసె లేచి, లోపల రాములమ్మ కుదుపుకు మూలుగుతుంటే, రాయి రాయికి ఆగుకుంట గుట్ట ఎక్కింది. చూసి గుట్ట కూడా కండ్లనీళ్ళు పెట్టుకుంది, కాని తాగెటందుకు అవి పనికి రాలే.

సిమెంటు పోసే రోజు వచ్చింది. మొదలుపెడితే నడిమిట్ల ఆపొద్దు, ఆపితే అతుకు పడి పగులుతది. అంటే మనుషులు మస్తు కావాలె. వెట్టికి పట్టుకొచ్చినోళ్ళల్ల సగంమంది అప్పటికే కూలి దొరికే ఊర్లకు పారిపోయిండ్రు.

"పక్క ఊరోళ్ళను కూలి ఇచ్చి పిలుద్దామా దొరా?" అన్నడు దశరథం.

"కూలెందుకు? గుట్ట మీద ఒకతి ఉత్తగనే ఉన్నది గదా, దింపు."

దింపిండ్రు. గుడిసె పాత జాగలనే నిలబెట్టి దిమ్మిస చేతికిచ్చిండ్రు. చీకటి పడేవరకు ఆమె దంచుతనే ఉన్నది. కూలి మిగిలిందని దొర మీసం ఎంత సాగిందంటే దాని మీద రెండు కాకులు వాలి సంసారం పెట్టుకున్నయి.

ఇంక జమ్ములమ్మ పని ఎక్కడ? బాట మీద. గుడిసె రావాల్సింది ఎక్కడికి? అంత తెలివిగల దొరకు, అంత లెక్కలున్న దశరథానికి ఈ ఒక్కటి తట్టలే. మునిమాపున గుడిసె గుట్ట దిగి వచ్చింది. కావలోడు చూసి లేచి పక్కకు జరిగిండు, ఇల్లు ఇంటికి వస్తుంటే ఎవరు అడ్డం నిలబడతరు? పచ్చి సిమెంటుల నాలుగు గుంజలు మోకాళ్ళ దాక దించి కూర్చుంది. కూర్చుందో లేదో రాములమ్మకు నొప్పులు మొదలైనయి. ఆ రాత్రి గుడిసె ఈనె పుల్లంత కూడా కదల్లే. తెల్లారేసరికి ఆడపిల్ల కేరుమంది. కింద సిమెంటు గట్టిపడ్డది.

దొర లేచి చూసి ఎగిరిండు. "పీకెయ్యుండ్రి దాన్ని!"

ఎవడు ముట్టుకుంటడు? పురిటిల్లాయె. మైల తీరేదాక గడి జీతగాండ్లు దాని నీడ కూడా తొక్కలే. మైల తీరేసరికి సిమెంటు గుట్ట రాయిని మించి బిగిసింది. పది జతల ఎడ్లు కట్టి గుంజిండ్రు. మోకులు తెగినయి, ఎడ్లు అలిగి మేత మానేసినయి, గుంజ కదల్లే.

"గుంజలు నేలమట్టం కోసేస్తే?" అన్నడు దొర.

"మొద్దులు లోపలనే ఉంటయి. కుళ్ళితే అక్కడ బొందలు పడి బాట పగులుతది. తవ్వి తీయాలంటే బాట పగలగొట్టాలె, పోసినదానికన్నా పగలగొట్టుడుకే ఎక్కువైతది" అని దశరథం నెత్తి గోక్కున్నడు. "మళ్ళ పోద్దామంటే సిమెంటు దొరకదు. వనపర్తి రోడ్డు రైలు స్టేషన్ల అడిగొచ్చిన, వచ్చిన బస్తా వచ్చినట్టు దేశాల నడుమ లడాయికి పోతున్నదట."

అందుకే ఇప్పుడు మోటారు గుడిసె దాక వచ్చి, తప్పుకొని నల్లరేగడిల దిగుతది. మొన్నటి వానకు తలుపుల దాక దిగబడ్డది. దొర బురదల మోకాళ్ళ దాక నడుచుకుంట పోయిండు. పాదాలేమీ అరగలే, చూసిన.

జమ్ములమ్మ నిన్న పొలం పనికి పోయింది. పొద్దుగూకంగ గుడిసె అలవాటు కొద్ది ఒక్కసారి కప్పు లేపి, మళ్ళ దించుకుందట. పొలం నుంచి ఆమె ఇంటికి నడిచి వచ్చింది. ఇల్లు ఎదురు రాకుండ, ఆమే ఇంటికి వచ్చుడు పుట్టినకాడి నుంచి ఇదే మొదలట. గడపల కూసొని చానసేపు ఏడ్చింది, నవ్వింది.

సరే లే పద్మమ్మా. ఇదో, బాలింతకు కాయం దంచి ముద్దలు చేసిన. వేడిగున్నప్పుడే రాములమ్మకు ఇచ్చి రా. అంచు మీద నక్కి నక్కి పోకు, సిమెంటు బాట నడిమిట్లకెల్లి పో. గడి ముందర చెప్పులు చేతుల పట్టుకోమని ఎవడన్నా అంటే విననట్టే నడువు. ఆగు, ఆ పాతవి కాదు, నా కిర్రుచెప్పులు తొడుక్కొని పో, గడి లోపలి దాక వినబడాలె.