నేల శుభ్రంగా ఉన్న రోజు

చొక్కా గుడ్డ ఇచ్చి పోదామని పొద్దున్నే అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గది బావ టైలరు షాపు, వెనక గది సంసారం. గుడ్డలు కత్తిరించే బల్ల కింద ఒక తెల్ల కుందేలు ఉంటుంది. దొర అని పిలుస్తారు. మూడేళ్ళుగా బావ మిషను తొక్కుతూ కబుర్లన్నీ దానికే చెబుతాడు. అక్కతో మాట్లాడేవి కొలతలే.

అక్క మంచి హుషారులో ఉంది. రోజూ చేటెడు పెంటికలు ఊడ్చి నడుం విరుగుతోందని, నిన్న మధ్యాహ్నం దొరను నాలుగు తిట్టానని, ఆ దెబ్బకు బుద్ధొచ్చిందని చెప్పింది. అప్పట్నుంచి ఒక్కటి కూడా లేదట.

"చూడరా, నేల అద్దంలా లేదూ?"

చూశాను. అద్దంలాగే ఉంది. అదే నాకు నచ్చలేదు.

నేను మేకలు కాసినవాణ్ణి. నెమరు మానిన మేకనూ పెంటికలు మానిన కుందేలునూ రేపు చూద్దాంలే అనుకోకూడదు. వంగి బల్ల కింద చూశాను. దొర వీపు గుండ్రంగా ముడుచుకుని, కళ్ళు సగం మూసి కూర్చుంది. ముందున్న ఆకు వాడిపోయి అలాగే ఉంది. పళ్ళు నూరుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. అది ఆకలి కాదు, నొప్పి.

ఏం పెడుతున్నావని బావను అడిగాను. పొద్దున ఒక్క బిస్కట్టేనట. జాకెట్టు కోసం వచ్చిన టీచరమ్మ తనూ ఒక్కటే పెడతానంది. పక్క కొట్టు మంగలి తను పెట్టేది బన్నుముక్కేనన్నాడు. అందరూ తామొక్కరమే అనుకున్నవాళ్ళే. గడ్డి మాత్రం ఒక్కరూ పెట్టలేదు.

"బుట్ట తే బావా. పశువుల డాక్టరు దగ్గరికి."

"ఈ ప్యాంటు అంచు మడిచేసి..."

"ప్యాంటు రేపటిదాకా బతుకుతుంది."

బావ మెడలో టేపుతోనే పరిగెత్తాడు. వెనక నేను.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. ఏదీ అడ్డుపడలేదుగానీ పేగులు కదలడం మానేశాయంది. రెండు ఇంజెక్షన్లు ఇచ్చింది. గడ్డిపొడి జావ సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టమంది. నేరుగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఒళ్ళు వెచ్చగా ఉంచాలి, కాస్త నడవనివ్వాలి.

"కుందేలుకు కక్కడం రాదు," అంది బావను చూసి. "తిన్నది వెనకనుంచే పోవాలి. పూట తినకపోయినా, పెంటికలు ఆగినా వెంటనే పట్టుకురావాలి. సాయంత్రానికి ఒక్కటైనా పడితే గట్టెక్కినట్టే. పడకపోతే మళ్ళీ తీసుకురండి."

ఆ రోజు షాపులో మిషను తిరగలేదు. బావ సూదిలో దారం ఎక్కించబోయి నాలుగుసార్లు తప్పాడు, పక్కన పడేశాడు. వేడినీళ్ళ సీసాకు నా చొక్కా గుడ్డే చుట్టి దొర పక్కన పెట్టాడు. నేను జావ పట్టాను. మూడింటికి మంగలి "పడింది!" అని అరిచాడు. అందరం బల్ల కిందికి దూరాం. నల్ల బొత్తం.

"నీ కళ్ళకు ముందు క్షవరం చెయ్యాలయ్యా," అంది అక్క. ఎవరూ నవ్వలేదు. మంగలి మాత్రం తన కొట్టుకు పోలేదు. అక్కడ ఎవరో సగం గడ్డంతో కూర్చునే ఉన్నారు.

అయిదు కావస్తుండగా దొర ముక్కు కదిలింది. డాక్టరమ్మ ఇచ్చిన ఎండుగడ్డిలోంచి ఒక పోచ అందించాను. మిషను కిందికి గుడ్డ జరిగినట్టు పోచ నోట్లోకి జరిగిపోయింది. ఇంకోటి. మరోటి. బావ నా భుజం పట్టుకున్నాడు, వదల్లేదు. దొర రెండు గెంతులు గెంతి మిషను వెనక్కి పోయింది. అక్క చీపురు పట్టుకుని దాని వెనకే పాకింది.

మిషను వెనక చీపురు చప్పుడు ఆగింది.

"ఏమండీ," అంది అక్క లోపల్నుంచి. "ఇది బొత్తం కాదండీ."

మిరియం గింజంత. దాని పక్కనే ఇంకో రెండు. బడి వదిలాక మళ్ళీ వచ్చిన టీచరమ్మ చప్పట్లు కొట్టింది. మంగలి వీధిలోకి పరిగెత్తి సగం గడ్డం మనిషికి కూడా చెప్పాడు.

అక్క చీపురు గోడకు ఆనించింది. ఎవరూ తొక్కకుండా ఆ మూడింటి మీద స్టూలు అడ్డం పెట్టింది.

"ఇవాళ్టికి ఉండనీ," అంది.

బావ సూది తీసుకున్నాడు. దారం ఒక్కసారికే ఎక్కింది.