ఆరోన్ గారి పందిరి

అందని ద్రాక్ష పుల్లన అంటారు గానీ, ఆరోన్ గారి ద్రాక్ష అందినా పుల్లనే. కంకిపాడు పక్కన ఆయన పెరట్లో పందిరి నిండా నల్లటి గుత్తులు వేలాడేవి. చూస్తే నోరూరేది, నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసిపోయేవి. అయినా ఏటా మొదటి గుత్తులు కోసి, రసం తీసి, ప్రభువు బల్ల ఆరాధనలో తాగడానికని చర్చికి పట్టుకెళ్ళేవారు. గిన్నె నోటికి తగలగానే పాస్టరుగారి కళ్ళు గట్టిగా మూసుకుపోయేవి. కొత్తవాళ్ళు అది భక్తి అనుకునేవారు. పాతవాళ్ళకు సంగతి తెలుసు.

"వచ్చే ఏడు తీపెక్కుద్ది చూడు," అనేవారు ఆరోన్ గారు. పాతికేళ్ళు అదే మాట. ఆయన భార్య దీవెన నవ్వి, ఉప్పూ కారం కలిపి తెచ్చేది. సాయంత్రాలు పందిరి కింద నవారు మంచం మీద కూర్చుని ఇద్దరూ ఒక్కో పండూ అద్దుకు తినేవారు. ఆయన పోయాక రెండు వేసవులు ఆమె ఒక్కతే తింది. ఫోటో చూస్తే ఆయన గుర్తొచ్చేవారు, అంతే. ఆ పులుపు నాలుకకు తగిలితే మాత్రం పక్కన వచ్చి కూర్చున్నట్టే ఉండేది.

దీవెన బతుకుతెరువు కూడా ద్రాక్షే. వరీ అరటీ పండే చోట ద్రాక్ష నర్సరీ ఏమిటని ఊళ్ళో నవ్వారు. ఆమె లెక్క వేరు. చుట్టుపక్కల ఎక్కడా ద్రాక్షతోట లేదు కాబట్టి, తోటల నుంచి తెగులు పాకి వచ్చే భయం లేదు. పురుగు దూరని నెట్‌హౌస్ కట్టించి, అందులో వైరస్ పరీక్ష చేయించిన తల్లి మొక్కలు పెంచుతుంది. వాటి కొమ్మల నుంచి తయారైన మొక్కలకు ధ్రువీకరణ ట్యాగు కట్టి అనంతపురం వైపు రైతులకు పంపుతుంది. వచ్చిన ప్రతి రైతుకూ ఒకటే పాఠం. "మొక్క మొహం చూసి కొనమాకండి. వైరస్ పైకి కనపడదు. కాయితం అడగండి."

ఇంత చెప్పే మనిషి, నెట్‌హౌస్‌కు వంద అడుగుల దూరంలో ఉన్న పెరటి తీగకు ఒక్కసారీ పరీక్ష చేయించలేదు. అది ఆమెకు మొక్కల లెక్కలో లేదు, ఇంట్లో మనుషుల లెక్కలో ఉంది. దాని ఆకులు ఎర్రబారి అంచులు కిందికి ముడుచుకుంటే, ఎంత బాగుందోనని ఫోటోలు కూడా తీసింది. దీపం కింద చీకటంటే అదే.

మూడేళ్ళ కిందట తనిఖీకి వచ్చిన అధికారి రామకోటేశ్వరరావు గారు కాఫీ తాగుతూ పందిరి వంక చూసి గ్లాసు కింద పెట్టారు.

"అమ్మా, ఆ తీగని పరీక్షకి పంపారా?"

పంపితే ఆకుముడత వైరస్ అని తేలింది. అక్కడి నుంచి ఆ వైరస్‌ను మోసుకుని నాలుగు పిండినల్లి పురుగులు నెట్‌హౌస్‌లోకి చేరితే చాలు, తల్లి మొక్కలన్నీ పాడవుతాయి. తీగ తీసి కాల్చేదాకా ఒక్క ట్యాగూ ఇవ్వనన్నారాయన. ఆయన తప్పేం లేదు, ఆ కుర్చీలో దీవెన ఉన్నా అదే అనేది. నెట్‌హౌస్‌లో పనిచేసే సుబ్బరత్నం గొడ్డలి తీసుకుని, "నువ్వు లోపలికెళ్ళక్కా, నేను చూసుకుంటా," అంది. దీవెన వెళ్ళలేదు. మొదలు తెగేదాకా అక్కడే నిలబడింది.

కొట్టించే ముందు మాత్రం నాలుగు కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి మూతికట్టి, విజయవాడలో తన మొక్కలకు పరీక్షలు చేసే ల్యాబుకు పట్టుకెళ్ళింది. అక్కడ పనిచేసే శాలిని చేతిలో పెట్టి, "దీని జబ్బు వదిలించమ్మా. ఎన్నేళ్ళయినా పర్లేదు. ఆ పండు నేను మళ్ళీ తినాలి," అంది.

శాలిని ఆ కొమ్మల్ని బతికించి, వేడిగదిలో పెంచి, వైరస్ ఇంకా చేరని, ఆవగింజలో సగం కూడా లేని చిగురు కొనలు కోసి సీసాల్లో పెట్టింది. చచ్చినవి చావగా ఒకటి మిగిలింది. రెండుసార్లు పరీక్ష చేస్తే రెండుసార్లూ వైరస్ లేదనే వచ్చింది. ఆ ఆదివారం దీవెన చర్చిలో లేచి, మా ఆయన పందిరి తిరిగొస్తోందని సాక్ష్యం చెప్పింది. పాతవాళ్ళు హల్లెలూయా అంటూనే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ ఏప్రిల్లో ఆ మొక్క నెట్‌హౌస్‌లో మొదటి కాపు కాసింది. దీవెన తలస్నానం చేసి, పళ్ళెంలో ఉప్పూ కారం కలుపుకుని వెళ్ళింది. సుబ్బరత్నం ముందుగా ఒకటి నోట్లో వేసుకుంది.

"అక్కా, పంచదారే అనుకో!"

దీవెన తింది. తీపి. ఇంకో గుత్తిలోంచి తింది. అదీ తీపే. చక్కటి పండు, ఏ రైతైనా ఎగబడి నాటుకునే పండు. దాన్ని నమిలి మింగుతుంటే ఆమెకు ఎవరూ గుర్తు రాలేదు. ఆయన పోయిన రోజు కంటే ఆ రోజే ఒంటరిదాన్నయ్యాననిపించింది. తీయటి ద్రాక్ష తిని ఏడిస్తే జనం ఏమనుకుంటారోనని బయటికొచ్చి శాలినికి ఫోన్ చేసింది.

"కొమ్మలు మారిపోయాయేమో చూడమ్మా."

"మారలేదాంటీ, అదే తీగ. వైరస్ ఉన్నప్పుడు కాయలో చక్కెర సరిగా ఎక్కదు. ఇప్పుడు జబ్బు లేదు కాబట్టి తీపొచ్చింది. మంచిదేగా?"

"అంటే పాతికేళ్ళు మేం తిన్న పులుపు జబ్బు వల్లేనా?"

శాలిని నెమ్మదిగా అంది. "ఆంటీ, మీరిచ్చిన కొమ్మల్లో ఒకదాన్ని బాగు చెయ్యకుండా అలాగే పెంచుతున్నాం. మా పరీక్ష సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోడానికి జబ్బు మొక్క కూడా ఒకటి ఉండాలి. ఈసారి అదీ కాసింది."

మర్నాడు పొద్దున్నే దీవెన విజయవాడ బస్సెక్కింది. బెంజి సర్కిల్ దగ్గర దిగి, ఆటోవాడితో బేరం కూడా ఆడలేదు.

"లోపల్నుంచి ఆకు ముక్క కూడా బయటికి రాకూడదాంటీ," అని ముందే చెప్పింది శాలిని. "ఇవాళ మీరు మీ నెట్‌హౌస్‌లో కాలు పెట్టకూడదు. ఇంటికెళ్ళి స్నానం చేసి, ఈ బట్టలు ఉతికెయ్యాలి."

"తింటే ఏమన్నా అవుద్దా?"

"ఇది మొక్కల జబ్బాంటీ, మనుషులకేం కాదు."

తెల్లకోటు తొడిగి, రెండు తలుపులు దాటించి, చిన్న వలగదిలోకి తీసుకెళ్ళింది. మూల కుండీలో, వెదురుపుల్లకు కట్టిన తీగ. ఆకులు ఎర్రగా, అంచులు కిందికి ముడుచుకుని ఉన్నాయి. గుత్తికి తొమ్మిదే పళ్ళు. పెరడంతా అల్లుకున్న తీగ ఇంతకు వచ్చిందా అని దీవెన వంగి చూసింది.

ఒక పండు తుంచి నోట్లో వేసుకుంది. పులుపు దవడల్లోంచి చెవుల దాకా పాకింది. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. పక్కన మంచం కిర్రుమంది. ఆయన మోచెయ్యి తగిలింది, కారం ఘాటుకు తుమ్మారు కూడా. దీవెన ఏడ్చింది. ఈసారి ఎవరేమనుకుంటారోనని చూసుకోలేదు.

గింజలు పట్టడానికి శాలిని డబ్బా చాపింది. "ఆంటీ, ఆ కొత్త మొక్కకి కాయితాల్లో పేరు రాయాలి. 'ఆరోన్' అని రాయనా? రైతులందరూ ఆ పేరు పెట్టే అడుగుతారు," అంది.

దీవెన కొంగుతో మొహం తుడుచుకుని, అడ్డంగా తలూపింది.

"వద్దమ్మా. అది రైతులది. బాగా కాయనీ, వాళ్ళు బాగుపడనీ. దానికేదో ఒక నంబరెయ్యి." ఇంకో పండు కోసం చెయ్యి చాపింది. "మా ఆయన ఇక్కడున్నారు."