బాలన్ చుట్టిన ఆదివారం

మార్చి మొదట్లో వచ్చిన ఉత్తరపు గాలి, హవానాకి దూరంగా తీరం మీదున్న మా హిబారాలో ఎవరికీ పెద్దగా నష్టం చెయ్యలేదు. పడవలు ముందే ఒడ్డుకి చేరాయి. చర్చి వెనక నాలుగు పెంకులు లేచాయి. పోయింది నా అంటెన్నా ఒక్కటే. బాదం చెట్టు మీద పన్నెండేళ్ళు నిలబడ్డ తీగ మూడు ముక్కలై పక్కింటి సొరైదా కోళ్ళగూటి మీద పడింది. కేబులు సగానికి తెగి ఎటు పోయిందో కూడా తెలియలేదు. గాలికి కూడా మనిషిని చూసి కొట్టే బుద్ధి ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు.

మామూలు రోజులైతే నెల్లాళ్ళు తీరిగ్గా కట్టుకునేదాన్ని. ఈసారి పది రోజులే ఉన్నాయి. పదో రోజు ఆదివారం. ఆ సాయంత్రం నాలుగింటికి బాల్దొమేరో రేడియోలో చివరిసారి మాట్లాడతాడు.

బాల్దొమేరో చిలీ దేశంలో, దక్షిణాన ఉన్న చిలోయె దీవిలో పడవలు చేసే వడ్రంగి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం నాలుగింటికి రేడియోలో నన్ను పిలుస్తాడు, నేను పలుకుతాను. ముఖం చూసింది లేదు. అతను పంపిన కార్డు ఒకటి నా దగ్గరుంది. దాని మీద పసుపు రంగు పడవ, పడవ వెనక వేలెడంత మనిషి. ఆ మనిషి అతనేనా అని నేనెప్పుడూ అడగలేదు. అతనే అనుకున్నాను, అలాగే కుట్టుమిషను పైన గోడకి అంటించుకున్నాను.

ఏం మాట్లాడుకునేవాళ్ళమో చెబితే నవ్వుతారు. అక్కడ వాన, ఇక్కడ ఎండ. తీగ ఎంత పొడవు, ఎంత ఎత్తు. గాలిలో మాట ఎవరైనా వినొచ్చు. మా ఊళ్ళోనే పదకొండు మంది చెవులు రిక్కించుకుని ఉంటారు. అందుకని మనసులో మాట మనసులోనే ఉండిపోయేది. అవతలివాళ్ళ గొంతు ఎలా వినబడుతోందో అంకెల్లో చెప్పుకోవడం రేడియోవాళ్ళ ఆనవాయితీ. ఐదూ తొమ్మిదీ అంటే పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉందని అర్థం. బాల్దొమేరో పద్దెనిమిదేళ్ళూ నాకు ఐదూ తొమ్మిదీ తప్ప వేరే అంకె ఇవ్వలేదు. ఇచ్చిన మరుక్షణమే, ఏమన్నారు, మళ్ళీ ఒకసారి చెప్పండి అనేవాడు. నా రేడియో నేను చేత్తో బిగించుకున్నది, పది వాట్లది, పైన మూత కూడా లేనిది. అది ఐదూ తొమ్మిదీ వినబడే మొహమేనా? అబద్ధమని తెలిసి కూడా ఆ రెండంకెల కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అతను సంగతి చెప్పాడు. కళ్ళు మసకబారాయట. ఒంటరిగా ఉండొద్దని మేనకోడలు పట్నంలో తన ఫ్లాటుకి తీసుకుపోతోందట. ఏడో అంతస్తు, డాబా మీద అంటెన్నా కట్టనివ్వరట. రేడియో పడవల సంఘానికి ఇచ్చేస్తున్నాడట. ఉత్తరాలు రాసుకుందామన్నాడు. కళ్ళు కనబడని మనిషికి ఉత్తరం మేనకోడలే చదివి వినిపించాలి. నేను రాయదలుచుకున్నది మేనకోడళ్ళు చదివేది కాదు. ఇక ఫోనంటారా, మా వీధి మొత్తానికి సొరైదా ఇంట్లో ఒక్కటే ఉంది, అది దేశం దాటదు. కాబట్టి ఆ ఆదివారమే చెప్పెయ్యాలనుకున్నాను. పదకొండు మందీ వింటే విననీ. యాభై నాలుగేళ్ళొచ్చాయి నాకు, ఇంకా ఎవరికి జడవాలి?

తీగ సంపాదించడం కష్టం కాలేదు, పాత టెలిఫోను తీగ దొరికింది. కేబులు ఎవేలియో మాస్టారు ఇచ్చారు, పదకొండు మీటర్లు. ఆయన తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో మోర్సు నేర్చిన ప్రతివాళ్ళూ ఆయన చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే, నాతో సహా. కేబులు ఇచ్చి ఊరుకోకుండా పని చూడ్డానికి కూడా వచ్చారు. చెట్టు కింద పరిచిన తీగని ఈ కొసనుంచి ఆ కొసకి చూశారు.

"బాలన్ ఏదమ్మాయ్?" అన్నారు.

"అవసరం లేదు మాస్టారూ."

"అని ఎవరన్నారు?"

"కేబులు అంది."

నిజంగా కేబులే అంది. అంటెన్నాకి రెండు చేతులుంటాయి, కేబులు మోసుకొచ్చిన బలం రెండింటికీ సమానంగా పోవాలి. ఆ పంపకం చూసేదాన్నే బాలన్ అంటారు. అది లేకపోతే అందులో కొంత దారి తప్పి, కేబులు పైతొడుగు పట్టుకుని వెనక్కి ఇంట్లోకి పాకుతుంది. అప్పుడు మైకు పెదవికి చురుక్కుమంటుంది, పక్కింటి టీవీలో నా మాట బాతు అరుపులా వస్తుంది. అంతకంటే అన్యాయం ఏమిటంటే, వీధిలో ఉన్న కరెంటు గోలంతా అదే దారిన రేడియోలోకి ఎక్కుతుంది. బాలన్ చెయ్యడం బ్రహ్మవిద్య కాదు. కేబులునే పెయింటు డబ్బా మీద ఏడు చుట్లు చుట్టి కట్టేస్తే చాలు. ఫెర్రైటు అనే నల్లటి ఇనుపపొడి రింగు ఉంటే మూరెడు కేబులుతో సరిపోయేది. ఊళ్ళో రింగులన్నీ పాత రష్యన్ టీవీల కడుపుల్లో ఉన్నాయి, ఆ దిక్కుమాలిన టీవీలు ఒక పట్టాన చావవు.

ఏడు చుట్లకి మూడున్నర మీటర్లు పోతుంది. రేడియోని అప్పటికే చెట్టుకి దగ్గరగా వంటగదిలోకి మార్చాను. పెరట్లో పెడదామంటే మూత లేని రేడియోని ఉప్పుగాలి తినేస్తుంది. చుట్టకుండా కేబులంతా వాడితే తీగ చెట్టు పైకొమ్మకి ఎక్కుతుంది, నా గొంతు సముద్రాలు దాటుతుంది. చుడితే తీగ కింది కొమ్మకి, దాదాపు ఇంటికప్పు ఎత్తుకి దిగిపోతుంది. నా పది వాట్లు అక్కణ్ణుంచి చిలీ దాకా పోతాయని ఎవరూ పూచీ పడలేరు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి, మా దేశంలో రేడియోవాళ్ళంతా గాలిలో కలుసుకునే కూటంలో ఈ సంగతి అడిగాను. అడగడమే నా బుద్ధితక్కువ. చిలీది కాదు, మా సాంతియాగో నుంచి ఒక పళ్ళ డాక్టరు, ముప్ఫై ఏళ్ళుగా బాలన్ లేకుండానే మాట్లాడుతున్నాను, ఏం కొంప మునిగింది అన్నాడు. ఈయన మాట ముప్ఫై ఏళ్ళుగా ఒక్క ముక్క కూడా అర్థం కాకపోవడానికి కారణం ఇవాళ తెలిసిందని మతాన్సాస్ నుంచి ఇంకొకాయన అందుకున్నాడు. అరగంటలో ముగియాల్సిన కూటం గంటంపావు సాగింది. చివరికి లెక్క చూస్తే నలుగురు కట్టమన్నారు, నలుగురు వద్దన్నారు. ఎందుకు, ఎవరి కోసం అని ఒక్కరూ అడగలేదు. అందరికీ తెలుసు మరి.

నేను కట్టకూడదనే తేల్చుకున్నాను. శనివారం మధ్యాహ్నానికి తీగ పైకొమ్మకి ఎక్కింది. నాలుగింటికి, మర్నాటి వేళకే, రేడియో వేసి పిలిచాను. అర్జెంటీనా నుంచి ఎవరో పలికారు. నా గొంతు గంట కొట్టినట్టుందని, ఐదూ తొమ్మిదీ అని చెప్పారు. ఆ మాట నాకు మూడోసారికి గానీ వినబడలేదు. హెడ్‌ఫోనులో వీధి వీధంతా గుర్రుమంటోంది. నీళ్ళ మోటారు ఒకటి, ఫ్రిజ్జులు, వాటన్నిటి మీదా టీవీలు. ఆ మనిషి పేరు ఈనాటికీ నాకు తెలియదు.

మైకు దింపే లోపల సొరైదా వచ్చింది. "అక్కా, నువ్వు మా టీవీలో ఏదో వాగుతున్నావు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మా ఆయన మాత్రం శివాలెత్తుతున్నాడు" అంది. రేపు నాలుగింటి నుంచి ఒక్క గంట టీవీ కట్టెయ్యగలరా అని బతిమాలాను. ఇల్లు ఖాళీ చెయ్యమన్నట్టు చూసింది నావైపు. మర్నాడు మా జట్టుకి బేస్‌బాల్ ఆఖరి ఆట. సొరైదా కట్టినా, వీధిలో ఇంకా పద్నాలుగు ఇళ్ళున్నాయి.

మాస్టారు అరుగు మీద కూర్చుని అంతా వింటున్నారు. "అతని గొంతు రావడానికి ఢోకా లేదు. నీ రేడియోకి పదింతల బలం అతనిది, కొండ మీద అంటెన్నా. గోల తగ్గితే చాలు, తీగ ఎంత కిందున్నా వినబడతాడు. నీ గొంతుకే ఆ ఎత్తు కావాలి. చెప్పడమా, వినడమా? రెండూ ఈ కేబుల్లో లేవమ్మాయ్."

"పద్దెనిమిదేళ్ళు విన్నాను మాస్టారూ. ఇక చెప్పాలి."

"చెప్పాక?" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని ఇంటికి పంపేశాను. తరవాత చెప్పదలుచుకున్నది రాసుకున్న కాగితం తీశాను. నాలుగు వాక్యాలు, నెల రోజులు దిద్దినవి. ఆదివారాలు తప్ప మిగతా రోజులు నాకు రోజుల్లా అనిపించవని ఒకటి. మధ్యలో రెండు ఇక్కడ చెప్పను. చివరిది, మీకూ అలాగే ఉందా అని. దాని దగ్గర ఆగిపోయాను. అడిగేస్తాను, బాగానే వినబడుతుంది. అతను ఏదో ఒకటి జవాబు చెబుతాడు, అదే ఆఖరి మాట. నాకు రష్యన్ టీవీలు వినబడతాయి. ఆ తరవాత ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు, ఆ గుర్రు కింద అతనేమన్నాడో అని చెవి పెట్టుకుని కూర్చోవాలి. నా మనసు అతనికి తెలియకపోతే భరించగలను, ఇన్నాళ్ళూ భరించాను కదా. అతని మాట వినబడకపోతే మాత్రం భరించలేను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగి తీగ కిందికి దించాను. పెయింటు డబ్బా మీద కేబులు ఏడు చుట్లు చుట్టి గట్టిగా కట్టాను. మాస్టారు వచ్చి తాడు పట్టుకున్నారు. తీగ కింది కొమ్మకి ఎక్కింది.

నాలుగింటికి హెడ్‌ఫోను పెట్టుకుంటే గోల లేదు. పక్కింట్లో అరుపులు గోడలోంచి వస్తున్నాయి గానీ రేడియోలో లేవు. ఆ నిశ్శబ్దంలోంచి బాల్దొమేరో నా పేరు పిలిచాడు. అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. పిలిచే ముందు గొంతు సవరించుకోవడం వినబడింది. అతని వెనక పొయ్యిలో కట్టె చిటపటలాడడం వినబడింది. ఇన్నేళ్ళూ అతని గదిలో పొయ్యి ఉందనే నాకు తెలియదు.

పలికాను. కాగితం చదివాను. మళ్ళీ చదివాను, అరిచి చదివాను.

"ఎవరో ఉన్నారు. ఎనెయిదా, నువ్వేనని తెలుస్తోంది. మాట మాత్రం అందట్లేదు" అన్నాడు. నన్ను నువ్వు అనడం అదే మొదలు. ఐదూ తొమ్మిదీ అని అబద్ధం కూడా ఆడలేకపోయాడు. ఆ వెంటే, "ఈల వెయ్యి" అన్నాడు.

సొంతంగా రేడియో కట్టుకున్నవాళ్ళందరికీ ఈల వెయ్యడం వచ్చు. మైకులో ఈల వేసే అంటెన్నా సరిచూసుకుంటాం. మాటలో బలం చెదిరిపోతుంది గానీ ఈలలో ఒక్కచోటే ఉంటుంది. గొంతు పోలేని దూరం ఈల పోతుంది. వేశాను.

నవ్వాడు. "దొరికావు. అయితే నేను మాట్లాడతాను. అవునంటే ఒకటి, కాదంటే రెండు. గాలికి తీగ తెగిందా?"

ఒకటి.

"కొత్తదానికి బాలన్ చుట్టావా?"

ఒకటి.

"అందుకా కిందికి దిగిపోయావు. నా గొంతు బాగా వస్తోందా మరి?"

ఒకటి, పొడుగ్గా వేశాను. దేన్ని వదిలి దేన్ని ఉంచుకున్నానో అర్థమయ్యే ఉంటుంది, అతనూ తీగలు కట్టినవాడే.

మళ్ళీ పలికినప్పుడు గొంతు మారింది. "తొంభై ఒకటిలో చేపల ఓడలో పని దొరికింది నాకు, హవానా వచ్చే ఓడ. నీకు చెప్పలేదు. వల్పరైసో రేవు దాకా వచ్చాను. పెట్టె ఎక్కించి, మళ్ళీ దించుకున్నాను. రేడియోలో అయితే నా మాటకి నవ్వుతావు. గుమ్మంలో పొట్టివాణ్ణి, తొమ్మిది వేళ్ళవాణ్ణి చూస్తే ఏమంటావో అని. ఆ కార్డు మీద ఉన్నది కూడా నేను కాదు, మా తమ్ముడు. ఫోటో తీసింది నేను." కట్టె చిటపటలాడింది. "అప్పుడు వచ్చి తలుపు కొడితే తీసేదానివా, ఎనెయిదా?"

మైకు నొక్కి పెదాలు ముడిచాను. గాలి వచ్చింది గానీ ఈల రాలేదు. ఏడుస్తున్న నోటికి ఈల రాదని నాకు ఆ రోజుదాకా తెలియదు. మళ్ళీ ఊదాను. ఉత్త గాలే.

"సరేలే" అన్నాడు బాల్దొమేరో, చాలా మెల్లగా. "అడగకూడనిది అడిగాను. రేడియో కట్టేస్తాను ఇంక. నీ ఆరోగ్యం జాగ్రత్త."

చల్లారిన కాఫీలో వేళ్ళు ముంచి పెదాలు తడుపుకున్నాను. కింది పెదవి నెత్తురొచ్చేలా కొరికి వణుకు ఆపాను. మైకు నొక్కి, ఊపిరంతా పట్టి వేశాను. ఈసారి పలికింది. ఊపిరి అయిపోయేదాకా, కళ్ళు చీకట్లు కమ్మేదాకా ఒక్కటే ఈల. రెండోది పొరపాటున కూడా రాకూడదని చేత్తో నోరు మూసుకున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. తరవాత అతని పొయ్యి వినబడింది, ఆపైన అతను.

"ఐదూ తొమ్మిదీ" అన్నాడు.

ఈసారి మళ్ళీ చెప్పమని అతను అడగలేదు.