పాటగాళ్ల కాళ్ల కింది తివాచీ

తివాచీల కొట్టువాడికి లోకంలో ఏం చూపించినా ముందు కళ్లు నేల మీదికే పోతాయి. రోగిని చూడడానికి వెళ్లినా మంచం మీది మనిషి కంటే మంచం కింద పరిచిందే ముందు కనబడుతుంది. ఈ కొట్టు యజమాని అల్లుడు అమెరికా పల్లెల కంట్రీ పాటల్లో పడింది కూడా ఆ దారినే.

సరుకు చూపించే గదిలో పెద్ద టీవీ ఒకటి ఉంది. తివాచీల ప్రకటనలు వేయడానికి కొన్నారు. ఒక మధ్యాహ్నం ప్రకటన అయిపోయి, దాని తోక పట్టుకుని ఇంకేదో వీడియో వచ్చింది. ఎక్కడో అమెరికాలో చిన్న స్టూడియో గది. గోడలకు దుప్పట్లు, నేల మీద ఎర్ర తివాచీ. ‘అంచు బాగా కుట్టారు’ అనుకుని చూడడం మొదలుపెట్టాడు. తివాచీ మీద బూట్లున్నాయి. చూపు మెల్లగా పైకి పాకింది. బూట్ల పైన మనుషులు, వాళ్ల చేతుల్లో బాంజో, ఫిడేలు, మనిషంత ఎత్తు ఫిడేలు లాంటి బాసు, ఒడిలో పడుకోబెట్టి ఇనుప కడ్డీతో నిమిరే స్టీల్ గిటారు. చూపు మొహాల దాకా వెళ్లేసరికి పాట అయిపోయింది. అల్లుడు మాత్రం లేవలేదు.

ఆ పాటలే విడిగా రికార్డుల్లోనూ దొరుకుతాయి. అవి విన్నాడు, రుచించలేదు. అవి అద్దాల బీరువాలో దీపాలు పెట్టి చూపించే సరుకులాంటివి. స్టూడియోలో నిలబడి ఒక్క దమ్ములో పాడేది వేరే. సరుకుని వీధి గుమ్మంలోకి తెచ్చి ఎండలో పరిచి, ‘చూసుకో నాయనా, ముడి ఎక్కడ జారిందో వెతుక్కో’ అన్నట్టుంటుంది. బాంజో వాయిస్తూ పాడే గడ్డపాయన గొంతు పైకి వెళ్లేచోట కాస్త చిరుగుతుంది. చిరిగిన చోటే అసలు నూలు కనబడుతుంది. ఒకే మైకు చుట్టూ నలుగురూ చేరి, ఎవరి వంతుకు వాళ్లు ముందుకు వంగి, అయిపోగానే పక్కవాడికి చోటిచ్చి వెనక్కి జరుగుతారు. అంత పొందికగా నడిచే భాగస్వామ్యాన్ని అల్లుడు ఏ బజారులోనూ చూడలేదు. తన కొట్లో అసలే చూడలేదు.

కొట్టు మామగారిది. ఆయన గల్లా దిగి విశ్రాంతి తీసుకుంటానని ప్రకటించి ఉన్నారు. తాళాలు కొడుక్కిస్తారా, అల్లుడికిస్తారా అన్నదే తేలలేదు. “కన్నున్నవాడికిస్తా” అనేవారు అంతే. బావమరిదికి రెండు కళ్లూ ఆ తాళాల మీదే. అల్లుడికీ అంతే, కాకపోతే మధ్యాహ్నం పూట టీవీ మీద.

ఒకరోజు మామగారు చెప్పాపెట్టకుండా కొట్టుకొచ్చారు. కొనడానికొచ్చినవాళ్లు చుట్టచుట్టిన తివాచీల మీద వరసగా కూర్చుని తెరకేసి చూస్తున్నారు. పాట ఆగినా ఎవరూ మాట్లాడడం లేదు. చివరి తీగ మోత పూర్తిగా ఆరేదాకా బేరం ఆడకూడదని అల్లుడి నియమం.

“చూశారా నాన్నా?” అన్నాడు బావమరిది. “అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా? కరెంటు మనది, కన్నీళ్లు బావవి.”

మామగారు తెర దగ్గరికంటా వెళ్లి, వంగి, కళ్లజోడు పైకెత్తి చూశారు.

“అల్లుడూ, ఎన్నాళ్లుగా చూస్తున్నావు దీన్ని?”

“చాలా రోజులుగా మామయ్యా.”

“మరి ఎదురు పరిచారని కనబడలేదా?”

అల్లుడూ వంగి చూశాడు. తివాచీ నూగు, అంటే పైకి లేచి ఉండే పోగులు, ఎప్పుడూ ఒక పక్కకే వాలి ఉంటుంది. ఆ వాలు చూసేవాడి వైపుంటే రంగు చిక్కగా కనిపిస్తుంది. అటు తిప్పి పరిస్తే అదే తివాచీ వెలిసిపోయినట్టు పాలిపోతుంది. కొట్లో చేరినవాడికి మొదటిరోజు నేర్పే పాఠం అది. తెర మీది ఎరుపు నిజంగానే పాలిపోయి ఉంది. పాటలో పడి తను ఒక్కసారీ గమనించలేదు.

“పాటగాళ్ల తప్పు లేదు, వాళ్ల పని పాట,” అన్నారు మామగారు. “నీ పని ఇది. దాన్ని సరిగ్గా తిప్పించు, అప్పుడు తాళాల సంగతి చూద్దాం.”

“అమెరికాలో ఉన్నదాన్ని నేనెట్లా తిప్పిస్తాను మామయ్యా?”

“వ్యాపారం అంటే అదే.”

ఇంట్లో సంగతి విని భార్య నెత్తి కొట్టుకుంది. “ఆయనకి పిచ్చి, మీకు వెర్రి. మీ ఇద్దరి మధ్యా నేనెవరికి మందెయ్యను?”

అల్లుడు మాత్రం పనిలో దిగాడు. వీడియో కింద రాశాడు: ‘అయ్యా, పాట అమోఘం. తివాచీ ఎదురు పరిచారు. దయచేసి తిప్పండి.’ పాట మధ్యలో నేల గొడవేమిటని అభిమానులు మండిపడ్డారు. అల్లుడు తన కొట్లోనే ఒక ఎర్ర తివాచీ పరిచి, వాలు ఎటో సుద్దతో బాణం గీసి, రెండు వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపాడు. అంతే, ఎక్కడెక్కడి తివాచీల వ్యాపారులో లేచారు. ‘ఆయన చెప్పింది నిజం, మేమూ ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టుకుని వింటున్నాం’ అన్నారు. రైలు గురించిన విషాద గీతం కింద నూగు గురించి ఘోరమైన యుద్ధం సాగింది.

తిప్పారో లేదో చూడాలంటే కొత్త పాట వచ్చినప్పుడల్లా చూడాలి కదా. మామగారు రోజూ రావడం మొదలుపెట్టారు. మొదట నేలే చూసేవారు.

“ఆ గడ్డపాయన మడమతో తాళం వేస్తున్నాడు, నూగు చచ్చిపోతుంది,” అన్నారొకరోజు. మళ్లీ తనే, “కానీ ఒక్క దెబ్బా తప్పడంలేదు. నికరమైన మనిషి,” అన్నారు.

ఆ తర్వాత ఫిడేలు వాయించే పెద్దావిడ దగ్గర ఆగారు. “ఆమె వాయించాల్సిన దానికంటే తక్కువ వాయిస్తోంది అల్లుడూ. చేతిలో సరుకుంది, పరచడం లేదు. అడిగినవాడికే తీస్తుంది.”

బావమరిదికి కాళ్ల కింద భూమి కదిలింది. అతనూ వచ్చి తండ్రి పక్కన కూలబడ్డాడు, కాపలాకే.

చివరికొకరోజు కొత్త వీడియో వచ్చింది. ఎరుపు నిండుగా, చిక్కగా, దానిమ్మ గింజల్లా మెరిసిపోతోంది. “తిప్పారు!” అని అల్లుడు గావుకేక పెట్టాడు. కొట్టంతా లేచి నిలబడింది.

గడ్డపాయన పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో బాసు జారింది. ఇన్నాళ్లూ దాని అడుగున ఉండే ఇనుప ముల్లు నిలిచిన గుంట తివాచీతో పాటు అవతలి మూలకు పోయింది మరి. బాసు ఆయన దాన్ని కౌగిలించుకుని పట్టుకునేలోపు తాళంలో ఒక దెబ్బ ఎగిరిపోయింది. పెద్దావిడ ఫకాలున నవ్వింది. గడ్డపాయన నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వునే రాగంలో కలిపేసి, పోయిన చోటు నుంచే పాట అందుకుని ఒడ్డుకు చేర్చాడు.

తీగ మోత ఆరింది.

“మళ్లీ పాడలేదే!” అన్నారు మామగారు. “తప్పు జరిగిందని సరుకు వెనక్కి తీసుకోలేదే! అందరి ముందూ అలాగే అమ్మాడు! మళ్లీ పెట్టు.”

మళ్లీ పెట్టారు. బాసు మళ్లీ జారింది. మామగారు పెద్దావిడ కంటే ముందే నవ్వారు.

అంతలో ఒకావిడ లోపలికొచ్చి, “ఏమండీ, మెట్ల మీదికి తివాచీ చూపిస్తారా?” అంది.

మామగారు తెర మీంచి చూపు తిప్పకుండానే నడుముకున్న తాళాల గుత్తి ఊడదీసి అల్లుడి మీదికి విసిరారు. “తీసుకో. ఇకనుంచి గల్లా నీదే. ముందు ఆవిణ్ణి చూడు, పాటకు అడ్డొస్తోంది.”

తాళాలు చేతిలో బరువుగా ఉన్నాయి. కొట్టు తనదైంది. గల్లా పీట గుమ్మం వైపుంటుంది, టీవీ వీపు వెనక ఉంటుంది. అల్లుడు దాని మీద కూర్చున్నాడు. వెనకాల గడ్డపాయన కొత్త పాట మొదలుపెట్టాడు. ఎవరు ముందుకు వంగారో, ఎవరు చోటిచ్చారో కనబడటం లేదు.

లేచి, ఆవిడకు రకాలు తీసి చూపిస్తూనే బావమరిది దగ్గరికి జరిగి, గుత్తి అతని ఒళ్లో పెట్టబోయాడు. “ఏమోయ్, ఈ ఒక్క పాట అయ్యేదాకా కాస్త పట్టుకో.”

బావమరిది కళ్లు తెర మీదే ఉంచి చేతులు వెనక్కి లాక్కున్నాడు. “అయ్యాక చూద్దాంలే బావా.”

“ఉష్!” అన్నారు మామగారు.

ఆవిడ కూడా భయపడి గొంతు తగ్గించింది. “ఉతికితే రంగు పోతుందా అండీ?” అని గుసగుసగా అడిగింది. పోదన్నట్టు అల్లుడు తల అడ్డంగా ఊపాడు. వెనక ఫిడేలు అందుకుంది.